పండుకున్న మిషన్లు

మహిపాల్ మూడో గుంపు దగ్గర ఆగాడు. తెర మీద నాలుగువందల వర్చువల్ మిషన్లు. చేత్తో ముట్టుకోవడానికి ఒక్కటీ లేదు. అన్నీ హైదరాబాద్‌లోని పెద్ద యంత్రాల లోపల నడిచే కంప్యూటర్లే. వాటిని పనిని బట్టి గుంపులు చేసి, పొద్దున లేపి సాయంత్రం ఆపడమే జగిత్యాల బస్టాండు వెనక గదిలో పదకొండేళ్లుగా అతని ఉద్యోగం. మెడ ఒక పక్కకు వంగిపోయింది. కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. కోరుట్ల చుట్టాలకు మాత్రం అతను "కంప్యూటర్ల దుకాణంల పనిచేసెటోడు", అంతే.

మూడో గుంపుకు "పండుకున్నయి" అని తనే పేరు పెట్టాడు. కథలాపూర్‌లో తండ్రి ఓదెలు కల్లు కోసం ఈత చెట్లను ఒక ఏడు గీస్తే మరో ఏడు వదిలేసేవాడు. గీయలేదని చెట్టును ఎవరూ నరకరు. మహిపాల్ కూడా పనిలేని మిషన్లను ఆపి ఉంచేవాడే గాని చెరిపేసేవాడు కాదు.

మధ్యాహ్నం కొత్త మేనేజర్ మానస హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది.

"మూడు నెలలుగా వాడనివన్నీ ఐదింటికల్లా డిలీట్ చేసేయండి."

"మేడం, అండ్ల ఒకటి సిరిసిల్ల నేతసంఘానిది. ముసలోళ్ల పింఛన్ల లిస్టు అండ్లనే ఉంది. ఏడాదికి ఒక్కసారే లేపుతరు."

"రూల్ అందరికీ ఒకటే. మీరు చేయకపోతే మీ సీట్లో ఇంకొకరు చేస్తారు."

మహిపాల్ ఫోన్ పెట్టేశాడు. నలభై ఆరేళ్లవాడికి ఎవడు పనిస్తాడు? ఇంట్లో భార్య శోభకు ఏం చెప్పాలి? అన్నం డబ్బా మూత కూడా తీయకుండా మూడో గుంపులోని ఇరవై రెండు మిషన్లను చెరిపేశాడు. ఆ గుంపులో మిగిలింది సిరిసిల్లది ఒక్కటే. దాన్ని నడుస్తున్న మిషన్ల గుంపులోకి జరిపాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు పిచ్చివాడు. గుంపు మారిన ప్రతి మిషన్ గురించీ మానసకు మెయిల్ పోయేలా కిందటి వారం అమర్చింది మహిపాలే.

నాలుగున్నరకు పాస్‌వర్డ్ పనిచేయలేదు. మళ్లీ కొట్టాడు. పక్కసీటు కల్యాణి తల దించుకుంది.

"అన్నా, నీ ఐడీ తీసేసిన్రు. గా సిరిసిల్లది నన్ను తీసెయ్యమన్నరు."

"తీసినవా?"

"తీసిన అన్నా."

ఆమె మీద కోపం రాలేదు. తన మీదే వచ్చింది. ఉద్యోగమూ పోయింది, ఆ ముసలివాళ్ల పేర్లూ పోయాయి. చెప్పులు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కుర్చీలో, శోభ పాత చీర మడతపెట్టి కుట్టిచ్చిన మెత్త, అతను కూర్చున్న మేర గుంటపడి అలాగే ఉంది.