పళ్ళ మీద పసుపు బొట్టు

నేను ఒక కార్డును. రేషన్ కార్డును కాను, పెళ్ళి కార్డును కాను, బ్యాంకువాళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ ముక్కను అసలే కాను. జానెడు దాటిన ఆకుపచ్చ పలకను. ఒళ్ళంతా నల్లటి చిప్పులు, ఒక అంచున బంగారు పూత పూసిన సన్నటి పళ్ళు. నా తిండైనా, మాటైనా ఆ పళ్ళగుండానే. నాలో ఒక పీసీ మొత్తం ఉంది. కాని నాకంటూ తెర లేదు, కీబోర్డు లేదు, కరెంటు కూడా లేదు. మెకింటోష్ అనే వేరే జాతి కంప్యూటర్ పొట్టలో దూరి, దాని కరెంటు తాగి, దాని తెర మీద నా ముఖం చూపించుకోవాలి. నన్ను తయారుచేసినవాళ్ళు దీనికి పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టారు. ఇల్లరికం అన్న మాట వాళ్ళకు తెలియదు పాపం.

నేను సముద్రాల అవతల పుట్టి, మద్రాసులో ఒక కొట్టు అరలో దుమ్ము తిని, చివరికి రాజమండ్రి ఇన్నీసుపేటలోని భ్రమరాంబా ప్రింటర్స్‌కి చేరాను. ప్రెస్సు పెట్టిన పెద్దాయన దానికి తన కూతురి పేరు పెట్టుకున్నాడు. కొడుకు విస్సు పేరు ఎక్కడా పెట్టలేదు. పైగా కూతురికి ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చి, పోయేముందు ప్రెస్సు ఇద్దరికీ చెరిసగం రాశాడు. అల్లుడి పేరు అవతారం. ఒకే పెట్టెలో రెండు బుర్రలు పెట్టడం మనుషులు నాకంటే ముందే కనిపెట్టారన్నమాట.

అవతారానిది పంచాంగాల పని. తిథులు, వర్జ్యాలు లెక్కకట్టడానికి తనే ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు, అది పీసీలో తప్ప నడవదు. విస్సుది అక్షరాల పని. శుభలేఖలు, కరపత్రాలు మెకింటోష్ మీద ముత్యాల్లా కూర్చేవాడు, ఆ మెషీన్‌ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. బావ లెక్కలు కాగితం మీద దిగితే, బావమరిది వాటిని చూసి మళ్ళీ కొట్టేవాడు. ఒక ఏడాది అలా కొట్టడంలో ఏకాదశి ఒకరోజు పక్కకు జరిగిపోయింది. ఊళ్ళో భక్తులు ఉపవాసం ఉండాల్సిన రోజున పెసరట్లు తిని, తినాల్సిన రోజున పస్తున్నారు. తప్పు బావ లెక్కదని విస్సు, కాదు విస్సు చూపుదని అవతారం కొట్టుకున్నారు.

అప్పుడు భ్రమరాంబ నన్ను తెప్పించింది. నన్ను విస్సు మెషీన్‌లో పెడితే రెండు మీటలు కలిపి నొక్కగానే మెకింటోష్ పక్కకు తప్పుకుంటుంది, పీసీ వస్తుంది. మళ్ళీ నొక్కితే ఇదీ తప్పుకుంటుంది. లెక్క నేరుగా అక్షరాల్లోకి వెళ్తుంది, మధ్యలో కాగితం ఉండదు. అసలు ఆవిడకు కావలసింది అది కాదులెండి. మొగుడూ తమ్ముడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, అంతే.

నన్ను పెట్టడానికి అవతారం విజయదశమి ఉదయం ముహూర్తం పెట్టాడు. ఆయుధపూజ రోజు కదా, కటింగ్ మెషీన్‌కీ స్టేప్లర్‌కీ దక్కిన మర్యాద నాకూ దక్కాలని. విస్సు మెకింటోష్ మూత తీసి, ఆపరేషన్ బల్ల మీద కన్నబిడ్డను చూసే తండ్రిలా ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. అవతారం నన్ను రెండు చేతులా ఎత్తాడు. పరాయింట్లో అడుగుపెట్టేవాడికి ఎలా ఉంటుందో ఆ ప్రెస్సులో ఆయనొక్కడికే తెలుసు. కొత్తల్లుణ్ణి దీవించినట్టు, నాలో అన్నిటికంటే గౌరవంగా కనిపించిన చోటు వెతికి, అంటే మెరిసే నా బంగారు పళ్ళమీద, తడి పసుపు దట్టంగా పూసి కుంకం అద్దాడు.

విస్సు నన్ను అందుకుని స్లాటులో గట్టిగా దిగనొక్కాడు. స్విచ్ వేశారు. మెకింటోష్ లేచింది. కార్డు కనిపించలేదంది. నోటినిండా పసుపుతో నేనేం పలకను?

"ఏంట్రా విస్సూ, మీ దొరసాని మావాణ్ణి గుర్తుపట్టదా?" అన్నాడు అవతారం.

"చచ్చినదాన్ని తెచ్చి దాని పొట్టలో పెడితే ఏం గుర్తుపడుతుంది బావా?"

"పొట్ట కాదురా దానిది, పొగరు. పరాయివాడొస్తే ఊపిరాడనివ్వదు."

"పరాయివాడికి చోటిస్తే, రేపు ఇల్లే మనది కాకుండా పోద్ది."

ఆ మాట కంప్యూటర్ గురించి కాదని అక్కడున్న స్టేప్లర్‌కి కూడా అర్థమైంది. "నోర్ముయ్యరా వెధవా," అంది భ్రమరాంబ. కాని మాట గడప దాటేసింది.

నన్ను ఒక్కసారి బయటికి తీసి చూస్తే సరిపోయేది. ఇద్దరిలో ఎవరూ ఆ పని చెయ్యలేదు. తెర మీద ఆ సందేశం వచ్చిన క్షణంలో నేను గమనించింది చెబుతాను. ఇద్దరూ లోలోపల హమ్మయ్య అనుకున్నారు. నేను పలికి ఉంటే అవతారం రోజూ బావమరిది కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేది, విస్సు లేచి ఇవ్వాల్సి వచ్చేది. మనిషికి తన కోపం మీద ఉండే మమకారం అంతా ఇంతా కాదు. దాన్ని పోగొట్టే వస్తువు ఏదైనా పాడైతే అతనికి రహస్యంగా హాయిగా ఉంటుంది.

ప్రెస్సు మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. అటు పీసీ, ఇటు మెకింటోష్, దాని కడుపులో పని లేని నేను. ఫ్యాను గాలి తప్ప అత్తారింటి నుంచి నాకేమీ అందలేదు. గోడకు ఇటు "అక్కా, మీ ఆయనకి చెప్పు, ఆ పంకా తిరుగుతుంటే చప్పుడు భరించలేకపోతున్నాను" అని వినిపించేది. అటునుంచి "మీ తమ్ముడికి చెప్పు, చెవుల్లో దూది పెట్టుకోమని" అని వచ్చేది. ప్లైవుడ్ దాటి రెండూ ఇద్దరికీ వినిపించేవి, మధ్యలో నిలబడ్డ భ్రమరాంబకు మళ్ళీ చెప్పే పనే ఉండేది కాదు. ఒకసారి అవతారానికి దగ్గు పట్టుకుంటే, విస్సు ప్లైవుడ్ మీద రెండుసార్లు కొట్టి, మందు సీసా గోడ మీదనుంచి అందించాడు. అలా ఇద్దరి జుట్టూ నెరిసింది.

రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీవాళ్ళు వచ్చి ప్రెస్సు బయటి గోడకు ఎర్ర గుర్తు వేసినప్పుడు అసలు భయం మొదలైంది. ప్రెస్సు ఖాళీ చెయ్యాలి. అవతారం, భ్రమరాంబ కొవ్వూరు వెళ్ళిపోతారు, విస్సు ఇక్కడే ఉంటాడు. ప్లైవుడ్ ఉన్నన్నాళ్ళూ దాని వెనక మనిషి ఉన్నాడన్న ధైర్యమైనా ఉండేది. ఇప్పుడు మధ్యలో గోదావరి వస్తుంది. గోదావరి మీద రెండుసార్లు కొడితే ఎవరికి వినిపిస్తుంది?

మెకింటోష్‌ని కొనడానికి కాకినాడ నుంచి హైమావతి అనే పళ్ళ డాక్టరు వచ్చింది. పాత కంప్యూటర్లు కూడబెట్టడం ఆవిడ పిచ్చి. మూత తీసి, లోపలికి టార్చి కొట్టి, నన్ను ఊడదీసింది.

"ఇదేంటండీ, పళ్ళమీద ఇంత గార?"

విస్సు వంగి చూశాడు. ఎండి గట్టిపడ్డ పసుపు. చూసి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

డాక్టరు హ్యాండ్‌బ్యాగులోంచి పెన్సిల్ రబ్బరు తీసి, అలవాటైన చేత్తో నా పళ్ళు తోమింది. నన్ను మళ్ళీ దించింది. రెండు మీటలు కలిపి నొక్కింది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి. బతుకులో మొదటిసారి నేను పలికాను, "కీచ్" మని.

పీసీ లేచే ఆ చప్పుడు ఎవరికి తెలియకపోయినా అవతారానికి తెలుసు. అదీ గోడకు ఇవతలి నుంచి రావడం! ప్లైవుడ్ పక్కనుంచి ముందు కళ్ళజోడు వచ్చింది, తర్వాత మనిషి.

"ఒరే... బతికే ఉందిరా!"

"చంపింది నువ్వే," అన్నాడు విస్సు తెర మీదనుంచి కళ్ళు తీయకుండా. "పళ్ళకి పసుపు పూస్తారా ఎక్కడైనా?"

"పూస్తే పూశాను. తుడిచి పెట్టాలని నీకుండొద్దూ? మిషన్ తెలిసినవాడివి!"

"ముహూర్తం పెట్టినవాడివి, అది దాటిపోకూడదని నా పీక మీద కూర్చుంటే తుడవడానికి టైమేదీ?"

"మరి తర్వాత తీసి చూడొచ్చుగా?"

విస్సు తెర మీది దుమ్ము చేత్తో తుడుస్తూ, "నువ్వు చూడొచ్చుగా బావా," అన్నాడు.

విస్సు కుర్చీలోంచి లేచాడు. "కూర్చో. ఏకాదశి కట్టి చూపించు."

అవతారం కూర్చున్నాడు. భ్రమరాంబ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "అమ్ముతున్నట్టా, లేనట్టా?" అని డాక్టరు అడిగితే, "వాళ్ళు తిట్టుకోవడం అయ్యాక రండి అమ్మా, దసరా పండగ వెళ్ళాక," అంది.

పండగయ్యాక ఆవిడ మళ్ళీ వచ్చింది. ప్లైవుడ్ ఊడదీసి, దాంతోనే నాకూ మెకింటోష్‌కీ ప్రయాణానికి పెట్టె కొట్టారు. నన్ను విడిగా తీసి పాత పంచెలో చుట్టబోతూ అవతారం ఆగాడు. ఇల్లు దాటేదాన్ని ఉత్త ముఖంతో పంపుతారా అన్నాడు. ఇల్లరికం వచ్చినవాణ్ణి నేను, చివరికి నన్ను కూతురిలా అత్తారింటికి పంపుతున్నారు. ఆయన వేలికి తడి పసుపు అద్దుకుని నామీదికి వంగాడు. చూపు ఆననట్టుంది, వేలు మళ్ళీ బంగారం వైపే వస్తోంది.

విస్సు ఆ మణికట్టు పట్టుకున్నాడు. లాగెయ్యలేదు. మెల్లగా జరిపి, నా పళ్ళు దాటించి, ఆకుపచ్చ ఒంటి మీద ఏ చిప్పూ లేని ఖాళీ చోటికి తెచ్చి ఆపాడు.

"ఇక్కడ పెట్టు బావా," అన్నాడు.