కన్ను గుర్తు

మా పై అధికారిని ఆఫీసులో అందరం చాటుగా ‘ఒక్క నొక్కు’ అంటాం. ఏ బొమ్మ గీసి చూపించినా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, “ఇంకో నొక్కు తగ్గదా అమ్మా?” అంటాడు మహానుభావుడు. జనం కబుర్లు చెప్పుకునే యాప్ మాది. దాని రూపమంతా మార్చే పని నా నెత్తిన పడింది. నాలుగు నెలలు బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి ఆయన మెచ్చే ఉపాయం కనిపెట్టాను. యాప్ తెరవగానే, చివరిగా ఎవరు సందేశం పంపారో వాళ్ళ సంభాషణ దానంతటదే విచ్చుకుంటుంది. వెతుక్కోనక్కర్లేదు, నొక్కనక్కర్లేదు. “శభాష్” అన్నాడు. నేనూ ఉబ్బిపోయాను, నా మొహం!

ఇలాంటివి పరీక్షించడానికి మా దగ్గర ఉత్తుత్తి ఖాతాలుంటాయి. వాటి నిండా హలో, హలో, టెస్ట్, టెస్ట్. ఖాళీ ఇంట్లో ఏ సామాను పెట్టినా బాగానే కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి వాడి చిందరవందర చేసిన ఖాతాలో నా డిజైన్ నిలబడుతుందా లేదా అన్నది నాకు తేలాలి. బతికున్న మనుషుల ఖాతా తెరవకూడదని మాకు గట్టి నియమం ఉంది. నేను తెరిచింది బతికున్న మనిషిది కాదు.

అది మా తమ్ముడిది. వాడు పోయి పదకొండు నెలలు. బండి మీద వెళ్తూ లారీ కింద పడ్డాడు. వాడి ఫోనులో చివరి కాల్ నాది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు చేశావని అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది అని పదకొండు నెలలుగా బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నాను. అన్నం పెడుతున్నప్పుడు అమ్మ గొంతు సవరించుకుంటే చాలు, కంచం తీసుకుని లేచిపోతాను.

మధ్యాహ్నం మూడింటికి, నా బల్ల దగ్గరే, నా ఫోనులో కొత్త యాప్‌ని వాడి ఖాతాతో తెరిచాను. పాస్‌వర్డ్ వాడే చెప్పాడు ఎప్పుడో. పాత స్నేహితుల గోల కనిపిస్తుందనుకున్నాను. తెర మీద అమ్మ విచ్చుకుంది.

“తిన్నావా నాన్నా?”

“నీ గళ్ళ చొక్కాకి గుండీ కుట్టాను. ఎవరికీ ఇవ్వనులే.”

“మీ నాన్న నాతో మాట్లాడటం మానేశారు. ఆయన సంసారమంతా ఇప్పుడు రేడియోతోనే.”

“అక్క ఆ ఫోను ఎందుకు చేసిందిరా? దాన్ని అడగాలంటే భయంగా ఉంది. ఏం వినాల్సొస్తుందో. నువ్వైనా చెప్పు.”

ఆ చివరిది నాలుగైదు రోజులకోసారి మళ్ళీ మళ్ళీ ఉంది. ఆ పొద్దున ఎనిమిదింటికి కూడా ఉంది. అప్పుడు గమనించాను, ప్రతి మాట పక్కనా ఉన్న కన్ను గుర్తుని. మా యాప్‌లో సందేశం చదవనంతసేపూ చిన్న మూసిన కన్ను ఉంటుంది. చదివితే తెరుచుకుంటుంది. అవతలివాళ్ళకీ అది కనిపిస్తుంది. వరసగా అన్నీ తెరుచుకుని ఉన్నాయి. నేను ఒక్కటీ నొక్కలేదు. నొక్కకుండానే తెరుచుకునేలా చేసిన ఘనురాలిని నేనే కదా!

ఫోను మోగింది. అమ్మ.

“ఏమే, చదివాడే!” అంది.

“ఎవరమ్మా?” అన్నాను, సిగ్గులేకుండా.

“తమ్ముడే. కళ్ళన్నీ తెరుచుకున్నాయి. మూడొందలకి పైనే ఉంటాయి, అన్నీ ఒక్కసారే. నాకేం మతి పోలేదులే, వాడు లేడని నాకూ తెలుసు. కానీ చదివాడు కదే! ఒకటి అడిగాను వాణ్ణి. జవాబు రాస్తాడేమోనని ఫోను పట్టుకుని కూర్చున్నాను. నువ్వు మళ్ళీ ఫోన్ చేయకు, వాడికి అడ్డం.”

పెట్టేసింది. ఒక్క నొక్కు ఏదో అడుగుతున్నాడు వెనకనుంచి. సంచీ తీసుకుని లేచి వచ్చేశాను.

ఇంటికెళ్ళేసరికి వంటగదిలో చిన్న బల్ల దగ్గర కూర్చుని ఉంది అమ్మ. ఫోనుని మంచినీళ్ళ సీసాకి ఆనించి నిలబెట్టింది. పదకొండు నెలల తరవాత తల నున్నగా దువ్వుకుంది. నన్ను చూసి, “ష్” అంది. లోపల గదిలో నాన్న రేడియో తగ్గించి ఉంది. అది కూడా అమ్మే తగ్గించి ఉంటుంది.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంక ఎప్పటికీ ఇలాగే కూర్చుంటుంది. నా వల్ల కాదు.

“అమ్మా, వాడు కాదు. ఆ ఖాతా తెరిచింది నేను. ఆఫీసు పని కోసం.”

అమ్మ మొహం ఎలా మారిందో చెప్పడానికి నాకు చేతకాదు. వాణ్ణి రెండోసారి చంపినట్టనిపించింది. చాలాసేపు బల్ల మీద గీతల్ని గోటితో గీకుతూ కూర్చుంది.

“అన్నీ చదివావా?”

“ఊఁ.”

“అదీ చదివావా?”

“ఊఁ.”

“వాడెలాగూ చెప్పడు. నువ్వే చెప్పు మరి.”

చెప్పాను. యాప్‌లో సందేశం పంపే మీట ఉంటుంది కదా, దానికి రెండు రంగులు వేశాను. నీలం ఒకటి, ఆకుపచ్చ ఒకటి. ఏది గీసినా ముందు వాడికి చూపించడం నాకు అలవాటు. బొమ్మలు పంపి ఫోన్ చేశాను. “బండి మీదున్నానక్కా, ఇంటికొచ్చి చూస్తా” అన్నాడు. “ఒక్క క్షణమేరా, చూసి చెప్పేయ్, ఒక్క నొక్కు ప్రాణం తీస్తున్నాడు” అన్నాను. చూశాడు. నా కోసం చూశాడు. రంగు అడగడానికమ్మా, ముదనష్టపు రంగు అడగడానికి. చెప్తూ చెప్తూ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“ఏది బాగుందన్నాడు?” అంది అమ్మ.

“ఏమిటి?”

“రెంట్లో ఏది బాగుందన్నాడు?”

“ఆకుపచ్చది. అన్నాక చప్పుడు వినిపించింది.”

అమ్మ సీసాకి ఆనించిన ఫోనుని తీసుకుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పెదాలు కదుపుతూ ఏదో రాయడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. కాసేపటికి నా సంచీలో ఫోను మోగింది. వాడి ఖాతాలోంచి నేనింకా బయటికి రానేలేదు.

తీసి చూశాను.

“అక్క చెప్పేసింది. ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. దాన్ని ఏమీ అనను, నువ్వు బెంగపెట్టుకోకు. ఇంక నిన్ను విసిగించను. పడుకో నాన్నా.”