మంచం కోడు కింది టైలు

తుడుపు గుడ్డ మళ్ళీ అక్కడే చిక్కుకుంది. మామ మంచం కోడు ఆనిన చోట టైలు ముక్కలైంది. పగులు అంచుకు తగులుకున్న పోగును మెల్లగా విడిపించి, గుడ్డను బకెట్లో పిండి, మంచం కింద తుడుస్తూ పోయాను. ఇనుప మంచం. కోడు అడుగున ఉండాల్సిన రబ్బరు తొడుగు ఎప్పుడో ఊడిపోయింది. మామను పక్కకు తిప్పిన ప్రతిసారీ బరువంతా ఆ కోడు మీదే పడుతుంది.

నిజామాబాద్‌లో మేం అద్దెకుండేది ఈ ఒక్క గది, వెనక ఇరుకు వంటిల్లు. పైన ఇంటి ఓనరు ప్రమీలమ్మ ఉంటుంది. ఆమె చిన్న కూతురు కాన్పుకు వచ్చి, పసిపిల్లతో పైనే ఉంది. టైలు పగిలిందని తెలిసినప్పటి నుంచి ప్రమీలమ్మ కిందికి దిగితే ముందు దాని వైపే చూసేది. చివరికి మేడ మీద మిగిలి ఉన్న టైలు ఒకటి తానే తెచ్చిచ్చి, "మంచిగ ఏయించుండ్రి" అంది.

ఈ గది పోతే మామను ఎక్కడికి తీసుకుపోవాలో మాకు తెలియదు. మంచాన పడ్డ మనిషి ఉన్నాడంటే ఎవరూ గది ఇవ్వరు. మా ఊరు మోస్రాలో సొంత ఇల్లు పోయిన వానాకాలం గోడ కూలింది. ముందరి పంచ ఒక్కటే రేకులతో నిలబడి ఉంది. అందుకే నా భర్త నాగేందర్ ఆ రోజు ఆటో తీయకుండా కాశయ్య మేస్త్రీని పిలుచుకొచ్చాడు.

కాశయ్య సుత్తి కర్రతో టైలు మీద తట్టాడు. బోలుగా మోగింది.

"కింద సిమెంటు మాలే లేదు నాగేందరు. మూలకో ముద్ద వెట్టి పోయిండు, ఎవడో గనుడు. మంచం తియ్యాలె."

"పక్కకు జరుపుదం."

"ఏడికి జరుపుతవ్? ఎటు జరిపినా ఒక కోడు గిక్కడికే వస్తది. బైట వెట్టు."

మామ కుర్చీలో కూర్చోలేడు. వంటింట్లో మంచం పట్టదు. నాగేందర్ గదంతా ఒకసారి చూసి, "చాప ఎయ్యి నవతా. కింద పండవెడుదం, జరసేపు" అన్నాడు.

చాప చేతిలోకి తీసుకున్నాను కానీ పరవలేదు. మా వైపు మంచాన ఉన్న మనిషిని నేల మీదికి దించేది ప్రాణం పోయే ముందే. మంచం మీద పోకూడదంటారు. మా అవ్వను అట్లా దించినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"నిలవడి సూస్తే పనైతదా?" అన్నాడు నాగేందర్. అతను కూడా నా ముఖం వైపు చూడలేదు.

ఇద్దరం పట్టుకుని దించాం. మామ బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలిన మనిషి. ఆ భుజాల కింద చేయి పెడితే ఇప్పుడు ఎముకలే తగిలాయి. చాపకు వీపు ఆనగానే కళ్ళు తెరిచాడు.

"గప్పుడే దించిన్రా?"

"టైలు కోసం బాపు."

"నేనైతే ఇంక తయారుగాలె."

"జర ఆగు కాక, ముందు నా పని కానియ్యి" అన్నాడు కాశయ్య. మామ నవ్వబోయి దగ్గాడు.

ఖాళీ మంచాన్ని వాకిట్లో గోడకు నిలబెట్టాం. టైలు కోసే గ్రైండర్ తిరగడం మొదలవగానే గది నిండా తెల్లటి దుమ్ము లేచింది. దుమ్ము లోపలికి పోకుండా మామ ముఖం మీద తడి గుడ్డ కప్పాను. కాశయ్య పాత ముక్కలు ఊడదీసి, గుంట నిండా మాలు పోసి, కొత్త టైలు ఒత్తుతున్నాడు.

మోత ఆగాక ప్రమీలమ్మ మెట్లు దిగింది. వాకిట్లో మంచాన్ని చూసింది. తలుపు దగ్గర ఆగి చాపను, మామ ముఖం మీది గుడ్డను చూసింది. గడప దాటలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంతసేపాయె?" అంది సన్నటి గొంతుతో.

నాగేందర్ వంగి గబుక్కున గుడ్డ తీశాడు. "ఏం గాలేదమ్మా. టైలు కోసం దించినం." మామ కళ్ళార్పాడు.

ప్రమీలమ్మ చెంగు దించి తలుపు పట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. అది చూసే నాకు భయం వేసింది.

"నాగేందరు, ఇన్ని దినాలు నేనేమన్న అన్ననా? ఇయ్యాల కండ్లతోని సూసిన. పైన బాలింత ఉన్నది. ఇంట్ల పానం పోతే, నక్షత్రం మంచిది గాకుంటే ఇల్లు ఇడిసిపెట్టి పోవాలంటరు. పసిపిల్లను వట్టుకొని మేమేడికి పోవాలె?"

"ఇంక కొన్ని దినాలు ఉంటడన్నడమ్మా డాక్టర్."

"నేను జెప్పేది గా కొన్ని దినాల గురించే బిడ్డా."

కాశయ్య తలెత్తకుండా టైలు సందుల్లో వైట్ సిమెంట్ వేలితో నింపుతున్నాడు.

"పానం ఉండంగనే మీ ఊరికి తీస్కపోండ్రి" అంది ప్రమీలమ్మ. "అన్నీ అయినంక రాండ్రి. గది మీదే. నేనేం ఎల్లగొడుతలేను."

"ఊర్ల ఇల్లు కూలిందమ్మా."

"పంచ ఉన్నదంటివి గదా."

ఆమె పైకి వెళ్ళిపోయింది. పైన తలుపు మూసిన చప్పుడు, పసిపిల్ల ఏడుపు వినిపించాయి.

కాశయ్య చేతులు కడుక్కుని సామాన్లు సర్దుకున్నాడు. "రేపటిదాంక దీని మీద బరువు వెట్టద్దు. మంచం ఎయ్యకుండ్రి."

"మరి మామ?" అన్నాను.

"కిందనే ఉండనియ్యి." ఆ మాట అన్నాక తనే ఆగిపోయాడు. సంచి భుజానికేసుకుని, చెప్పులు వేసుకుంటూ, "తడిగుడ్డతోని తుడువు చెల్లె, మరక వడ్తది" అని వెళ్ళిపోయాడు.

నేను తుడిచాను. ఈసారి గుడ్డ ఎక్కడా చిక్కుకోలేదు.

మామ పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. కొంతసేపటికి, "పంచల గాలి మంచిగొస్తది" అన్నాడు. ఎవరితోనూ అన్నట్టు కాదు. నాగేందర్ గోడకు ఆనుకుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి బయటికి పోయి, ఆటోను వాకిలి దాకా వెనక్కి తెచ్చి, వెనక సీటు మీద బొంత పరిచాడు. అది చూసి నేను మందుల సంచి, నీళ్ళ సీసా, మామ తువ్వాళ్ళు తీసి పక్కన పెట్టాను.

నాగేందర్ లోపలికి వచ్చి మామను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. మామ తల అతని భుజం మీద వాలింది. కొత్త టైలు దగ్గర నాగేందర్ ఆగి కిందికి చూసి, కాలు బాగా చాపి, దాన్ని తొక్కకుండా దాటాడు. ఆ తర్వాత గడప దాటాడు.