రెండూ దొంగ పెట్టెలే

స్టీరింగు లేదు, గేరు లేదు, క్లచ్చి అన్న మాటే లేదు, గరిటె కాడంత కర్ర చేతికిచ్చి కారు నడపమంటున్నారు, థూ, దీనికన్నా చిన్నప్పుడు కడంబత్తూరులో కొట్టుకుంటూ దొర్లించిన సైకిలు టైరు నయం, దానికి రోడ్డయినా నిజం, అనుకున్నాడు బస్సు డ్రైవరు తణికాచలం, తిరువళ్ళూరు టీవీ దుకాణంలో ఖాకీ చొక్కాతోనే కుర్చీలో కూలబడి, సాయంత్రం తిరుత్తణి ట్రిప్పు తనదే, ఆడికృత్తిక పండక్కి కొండకు పోయే జనం, కావళ్ళతో సహా ఎక్కుతారు, బస్సెడు ప్రాణాలు మోసుకుపోయే మనిషిని ఈ బొమ్మల ముందు కూర్చోబెట్టాడు బావమరిది మునికృష్ణ, వాడికి తిరుత్తణి బస్టాండు పక్కన వీడియో గేముల కొట్టు పెట్టాలని పిచ్చి, కొండ దిగిన జనమంతా కార్ల రేసు ఆడటానికి ఎగబడతారట, టీవీకి తగిలించే గేము పెట్టె కొనల్లా, కంప్యూటరు కొనల్లా, నువ్వే చెప్పల్ల బావా, నీకన్నా డ్రైవింగు తెలిసినోడు యాడుండాడు, అన్నాడు వెధవ, పెళ్ళిళ్ళకు వండే మనిషిని పిలిచి లక్కపిడతలు ఏరిపెట్టమన్నట్టుంది. దుకాణం వెంకటాచలపతి శెట్టి అంతకన్నా ఘనుడు, నిన్నటిదాకా ట్రాన్సిస్టర్లకు బ్యాటరీలు వేసి బతికినవాడు, ఇప్పుడు కంప్యూటరు అనడానికి నాలుక ఎన్ని వంకర్లు తిప్పుతున్నాడో.

కర్ర పట్టాడు, తెర మధ్య తన కారు, ముందు బూడిదరంగు రోడ్డు, కుడి పక్కనుంచి వచ్చినవాటిని ఈగల్ని తోలినట్టు తప్పించాడు, చూడరా డ్రైవింగంటే, అనుకునేలోపు ధన్, పేలింది కారు, యాడిదిరా ఆ ఎర్ర కారు, మళ్ళీ మొదలు, మళ్ళీ ధన్, మళ్ళీ ఎడం పక్కనుంచే, ఇదేం పెట్టయ్యా శెట్టీ, కార్లు చూపించకుండానే గుద్దించేస్తా ఉండాది, లేదు సార్, దూరం నుంచే వస్తా ఉండాది కదా సార్, అంటాడు శెట్టి, అబద్ధాలకోరు, వీడూ ఆ శివప్రకాశం లాంటివాడే, తన బస్సు కండక్టరు, కొన్నాళ్ళుగా ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ రేకు బాదుతూనే ఉంటాడు, ఎడం అన్నా, ఎడం పక్క చూడన్నా, అని, మేకకూ బాదుతాడు, మనిషికీ బాదుతాడు, పిరికిగొడ్డు, పోయిన వారం కనకమ్మసత్రం దగ్గర పాలవాడు సైకిలుతో సహా కాలవలో పడితే బస్సులో వీడు గుడ్లు తేలేశాడు, తప్పు పాలవాడిది, చెప్పాపెట్టకుండా బస్సు పక్కకొచ్చాడు, తను స్టీరింగు పట్టిన నాటికి ఈ శివప్రకాశం ఉయ్యాల్లో ఉన్నాడు, వీడు తనకు రోడ్డు నేర్పుతాడట.

సరే, ఇది వద్దులే, కంప్యూటరు చూస్తాం రా బావా, అన్నాడు మునికృష్ణ, ఆ కంప్యూటరుకు క్యాసెట్టు పెట్టాలి, అది కీచుకీచుమంటూ తిరిగేలోపు బస్సు పాండూరు దాటిపోతుంది, తీరా వచ్చిందీ మరో కారు, మరో రోడ్డు, కర్ర బదులు మీటలు, నొక్కాడు, ధన్, ఎడం నుంచే, ఇదీ దొంగదే, రెండూ ఒకే తానులో ముక్కలు, అని విసురుగా లేచాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది బావా, అని నవ్వి మునికృష్ణ కూర్చున్నాడు, మోపెడు మీద తిన్నగా సందు దాటలేనివాడు, చూద్దాం వీడి ప్రతాపం, అని వెనక నిలబడి వాడి కారు మీదే కళ్ళు నిలిపాడు, ఇదేమిటి, ఉత్త రోడ్డు మీద కుడికి కోస్తాడెందుకు, ఎందుకురా తిప్పినావు, ఖాళీ కదా, ఖాళీ యాడ బావా, నీలం కారు వస్తా ఉండ్లా, అన్నాడు వాడు తెర మీంచి చూపు తిప్పకుండా, మళ్ళీ కోశాడు, ఇంకోసారి కోశాడు, వాడి కారు ఒక్కసారీ పేలలేదు.

తణికాచలం మెల్లగా మెడ తిప్పి తెర ఎడమ అంచును చూశాడు, ఉంది, తెల్ల కారు, తల నిటారుగా పెట్టాడు, లేదు, తిప్పాడు, ఉంది, ఒక పెట్టె దొంగదైతే రెండోదీ సరిగ్గా అదే వైపు దొంగతనం చేస్తుందా, ఛీ, పెట్టెలు రెండు, మనిషి ఒకడే, భయం వేసింది, ఇంత సర్వీసులో ఏ లారీ ఎదురొచ్చినా వెయ్యనంత భయం, ఏది తీసుకుందాం బావా, ఏదైనా తీసుకోరా, రెండూ మంచివే, శెట్టిగారూ, మీ ఫోను ఒకసారి ఇయ్యండి, డిపోకు చెప్పల్ల, సాయంత్రం బండికి ఇంకో డ్రైవర్ని పెట్టుకోమని, ఏమైంది బావా, ఒళ్ళు బాగలేదా, అని మునికృష్ణ అడుగుతూనే ఉన్నాడు, ఈ మధ్య ఎడం పక్కన రోడ్డు ఎంత ఖాళీగా ఉండేది, ఎంత హాయిగా దూసుకుపోయేవాడు, ఖాళీగా లేదు, నడిచేవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూ, గడ్డిమోపుల ఆడవాళ్ళూ అందరూ ఆ పక్కనే ఉన్నారు, ఇన్నాళ్ళూ వాళ్ళు బతికింది వాళ్ళు తప్పుకోబట్టే, తను చూడబట్టి కాదు.