అత్తగారి కింద నాలుగో భాగం

మా తోడల్లుడు లేతు మిషన్ మీద పనిచేస్తాడు. కోసేది ఇనుము, చదివేది మాత్రం ఆకాశం. గ్రహాలు, ఎగిరే ఓడలు, మాట్లాడే యంత్రాలు ఉంటేనే ఆయనకి నవల. నిక్కర్లు వేసుకునే వయసులో పట్టుకున్న పిచ్చి, జుట్టు నెరిసినా వదల్లేదు. అవి రాసేవాళ్ళని చుట్టాల్లా చెప్పుకుంటాడు. సముద్రం అడుగున ఊళ్ళు కట్టే ఆవిడ 'అక్కయ్య'. ఆఖర్న అందర్నీ చంపేసే ఆయన 'యముడు'. అందరికన్నా పైన 'చుక్కల మాస్టారు'. ఆ మాస్టారికి ఒంట్లో బాగాలేదని పేపర్లో పడిన రోజు ఈయన అన్నం ముట్టలేదట.

ఇల్లు రెండు గదులు. పుస్తకాల బరువుకి అటక కుంగితే, "అవైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది వదిన. ఆయన మంచం అమ్మేశాడు. పుస్తకాలు కట్టలు కట్టి గోడవారగా పేర్చి, మీద చెక్కలు వేసి, పరుపు పరిచి, దుప్పటి నేలదాకా దించాడు. చూసేవాళ్ళకి మంచమే. ఏ పుస్తకం ఎక్కడుందో ఆయనకి తెలుసు, గడ్డివాములో ఏ మూల తడిసిందో నాకు తెలిసినట్టు.

ఆ మంచం మీదకే మా అత్తగారు వచ్చి చేరింది. కాలు విరిగింది. తొడదాకా సిమెంటు కట్టు, నేల మీద అడుగు పెట్టకూడదన్నారు. చూసి వద్దామని నేను వెళ్ళాను.

వెళ్ళీ వెళ్ళగానే తోడల్లుడు నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, చొక్కాలోంచి కొత్త పుస్తకం తీశాడు.

"అయిదో భాగం, తమ్ముడూ. ఆఖరిది. పదిహేనేళ్ళు కాచుక్కూర్చున్నాను! మాస్టారు ముందు పోతాడో, నేను ముందు పోతానో అని హడలి చచ్చాను."

"చదవరాదూ మరి?"

"నాలుగోది తిరగెయ్యకుండానా? దున్నకుండా విత్తుతావా నువ్వు?"

"అదెక్కడుంది?"

ఆయన గదివైపు చూశాడు. "అత్తగారి తల కింద. గోడవైపు, అడుగు వరస."

"అడగచ్చుగా."

"ఎవర్ని, ఆవిడనా? పెళ్ళైన కొత్తలో 'మీ ఆయన భూమ్మీదకి ఎప్పుడొస్తాడే' అని కూతుర్ని అడిగిన మనిషి. నవల కోసం కాలు విరిగినదాన్ని కదిపాడని చుట్టాలందరికీ చెప్తుంది." గొంతు తగ్గించాడు. "జాకీ తెచ్చాను."

లారీలెత్తే జాకీ అది.

వదిన బజారుకెళ్ళింది. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. తలవైపు ఒక కట్ట ఊడదీసి, ఆ సందులో జాకీ పెట్టి, నన్ను తిప్పమన్నాడు. తిప్పాను. నోరు తెరిస్తే నవ్వొచ్చేట్టుంది. చెక్క లేచింది, పరుపు లేచింది, దిండూ దాని మీద అత్తగారి తలా లేచాయి. ఆయన బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి దూర్చాడు. బయటికొచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు.

"లేదు తమ్ముడూ. ఆ వరసంతా ఖాళీ."

"ఏం నాయనా," అంది అత్తగారు పైనుంచి, "నన్నెక్కడికి ఎగరేస్తున్నారు? అంగారకుడికా, శనికా?"

దిండు కింద చెయ్యి పెట్టి పుస్తకం తీసింది. మధ్యలో మందుబిళ్ళల అట్ట గుర్తుగా పెట్టి ఉంది.

"దీనికోసమేనా? గోడ ఎంతసేపని చూడను? గోడ సందులోకి చెయ్యి వేలాడేస్తే ఒకటి తగిలింది. ఇటువైపువి అయిపోవచ్చాయి, అటువైపువి అందట్లేదు."

మంచం గోడవైపు ఒరుగుతోంది, నేల కుంగిందేమో, మేస్త్రీని పిలవాలి అని బజారుకెళ్తూ వదిన నాతో అంది. నేల కుంగలేదు.

"ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ, రేపు ఇచ్చేస్తాను."

"నాకింకా నాలుగు అధ్యాయాలున్నాయి."

"అవతల అయిదోది వచ్చి కూర్చుందండీ!" అని నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ కళ్ళు మెరిశాయి. "వచ్చిందా? ఏదీ?"

ఆయన పుస్తకం వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "ముందు నాలుగోది."

"ముందు అయిదోది."

సన్నటి గట్టు మీద ఎదురుపడ్డ ఎద్దుల్లా ఉన్నారు. ఎవరూ వెనక్కి తగ్గరు. ఆఖరికి అత్తగారే, "కూర్చోండి. మీరు మర్చిపోయిందేదో నేను చెప్తాను," అంది. "ఆ ఓడ నడిపేవాడున్నాడే, వాణ్ణి మరదలు నమ్మదు. ఎలా నమ్ముతుంది? అక్కని తీసుకెళ్ళి అంత దూరం గ్రహంలో దింపి వచ్చాడు, ఒక కబురా కాకరకాయా? ఇక ఆ ఇనప అల్లుడు..."

"అల్లుడు కాదండీ, అది యంత్రం."

"అయితే? బరువులన్నీ వాడిచేత మోయించి, గాలి తక్కువయ్యేసరికి నువ్వు బయటుండు అన్నారా లేదా? అల్లుడు కాక మరేమిటి?"

ఆయన నేలమీద చతికిలబడ్డాడు. "ఇన్నిసార్లు చదివాను," అన్నాడు నాతో, "ఇది నాకు తట్టనేలేదు."

"మిగతాది పైకి చదవండి. అదయ్యాక మీ కొత్తది. ఇద్దరికీ ఒక్కసారే అయిపోతుంది."

పుట్టి బుద్ధెరిగి ఏ నవలా మధ్యలోంచి మొదలుపెట్టిన మనిషి కాదు. అయిదో భాగాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చేత్తో నాలుగోది అందుకున్నాడు. మందుబిళ్ళల అట్ట దగ్గర తెరిచి, వేలు తడి చేసుకుని మొదలుపెట్టాడు. ఇనప అల్లుడు బయట నిలబడి తలుపు కొడుతున్నాడు. లోపల మరదలు ఒక్కతే ఉంది.

బస్సుకి వేళవుతోందని నేను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. వదిన సంచితో వచ్చి, జాకీని చూసి, పైకి లేచి ఉన్న తల్లిని చూసి, "ఏమిటీ ఘోరం?" అంది.

"నువ్వాగవే," అంది అత్తగారు.

ఆయన చదువు ఆపి, "తమ్ముడూ, కాసిని మంచినీళ్ళు..." అన్నాడు.

"నీళ్ళెక్కడికి పోతాయి? తలుపు తీసిందా లేదా?"

అడిగింది అత్తగారు కాదు. నేనే.