పెరటిమెట్ల తెలుగు

దుప్పటి రెండు కొసలూ సాగదీసి ఇస్త్రీ యంత్రం మీద పరిచి, కాలితో పెడల్ నొక్కాడు. ఆవిరి బుస్సుమంది. హోటళ్ళ దుప్పట్లన్నీ సాయంత్రానికి వెళ్ళిపోవాలి. లాండ్రీలో ఆ చప్పుడుకి ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరూ సైగలే చేసుకుంటారు. అందుకే అతనికి ప్రాణం హాయిగా ఉండేది అక్కడే.

ఇంటి దగ్గర కక్కలేక మింగలేక బతుకు. ఇల్లరికం వెళ్ళినవాడికి ఇల్లు మాత్రమే అత్తవారిది అనుకున్నాడు, నోరు కూడా వాళ్ళదే అయింది. "పిల్లని రెండు పడవల మీద నిలబెట్టకు నాయనా," అని తెలుగు రాని అత్తగారు తన భాషలో ఒకసారి మెత్తగానే చెప్పింది. అప్పటినుంచి కూతురితోనూ ఆ భాషే, అదీ తడబడుతూ. తెలుగంతా సాయంత్రం పెరటి మెట్ల మీద, అక్క ఫోన్ చేసినప్పుడే. యంత్రాల మధ్య చెవులు మందగించాయి గనుక స్పీకరు పెట్టుకునేవాడు. పక్కన కూతురు లెక్కలు చేసుకునేది. ఆ కాసేపూ అక్క అతన్ని తిట్టేది, బుజ్జగించేది, ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ మోగింది. అక్క కాదు, బావ.

"అక్క పోయిందిరా. తెల్లారగట్ల, నిద్రలోనే. నువ్వొచ్చేదాకా ఉంచలేమేమో."

"సరే బావా," అన్నాడు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, మిగిలిన దుప్పట్లన్నీ ఇస్త్రీ చేశాడు.

ఇంటికెళ్ళి వాళ్ళ భాషలో చెప్పాడు. భార్య భుజం మీద చెయ్యి వేసింది. అత్తగారు మంచి మాటలే అంది. అన్నిటికీ తల ఊపాడు. ఆ భాషలో అతనికి బేరమాడటం వచ్చు, క్షమించమనడం వచ్చు, ఏడవడం రాదు. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, "ఇంక నేనెవరితో మాట్లాడేదే అక్కా," అని భోరుమన్నాడు.

తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు.

"ఒరేయ్, ఏడవకురా," అంది కూతురు తెలుగులో. "తలుపు తియ్యరా. నేను లేనూ?"

తండ్రిని అలా అనకూడదని దానికెవరు చెప్పారు గనుక? అది విన్న తెలుగంతా మేనత్త తమ్ముడితో మాట్లాడిందే. అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈలోగా వంటింట్లోంచి అమ్మమ్మ పిలిచింది. పిల్ల వాళ్ళ భాషలో బదులిచ్చి పరుగెత్తింది.

తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. గడప పక్కన, చిన్న పళ్ళెం మూతపెట్టిన మంచినీళ్ళ గ్లాసు ఉంది.