ఉప్పు సరిపోయిందా?

నేను కట్టుడు పళ్ళు తయారుచేస్తాను. మైనంతో అచ్చు పోసి, రంగు సరిచూసి, గులాబీ రంగు చిగుళ్ళలో ఒక్కొక్క పన్నూ కూర్చి, మెరుగు పెడతాను. పరాయి దేశం వచ్చిన ఈ పన్నెండేళ్ళలో ఎందరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు నమిలే యోగం కల్పించాను. నా నోటి సంగతే ఎవరికీ పట్టలేదు.

ఇదేదో ఏడుపు కాదు. నాకు ఏ లోటూ లేదు. ఉద్యోగం బాగుంది, ఇల్లు వెచ్చగా ఉంటుంది, మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు, మనిషి మంచివాడు. ఇంతకంటే పొగిడితే నెత్తికెక్కుతాడు. లోటల్లా ఒక్కటే, అమ్మ చేసే కందిపొడి. వేడివేడి అన్నంలో ఆ పొడి, ఇంత నెయ్యి. అంతే. ఆ మాత్రానికి దేశాలన్నీ గాలించాను. కొట్లో అమ్మే పొడి కొన్నాను, రంపపు పొట్టుకి కారం అద్దినట్టుంది. నేనే చేసుకుందామని ఎండుమిరపకాయలు వేయిస్తే, ఆ ఘాటుకి పొగ గంట మోగి, పై అంతస్తు వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తారు. ఆ తర్వాత నెల్లాళ్ళు లిఫ్టులో నా మొహం చూడలేదు.

చివరికి సిగ్గు విడిచి అమ్మనే అడిగాను. అమ్మ ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసింది. రెండొందల మంది తినే పప్పులో చేత్తోనే ఉప్పు వేసేది, ఏనాడూ కొలిచి ఎరగదు. ఇప్పుడు మా అక్క దగ్గర ఉంటూ, ఆ అపార్ట్‌మెంటులో ఇరవై ఇళ్ళకి పొడులు కొట్టి ఇస్తుంది. నేను అడగడమే చాలన్నట్టు మర్నాడే మిక్సీ ముందు కూర్చుందట. పనిలో పనిగా అల్లుడికి సున్నిపిండి కూడా కలిపింది. ఈ చలికి మా ఆయన ఒళ్ళు పగిలి పెచ్చులు లేస్తోందని ఎప్పుడో ఫోన్లో అన్నాను లెండి.

"రెండూ ఒకేలాంటి కవర్లే. ఎర్ర దారం కట్టింది కందిపొడి, తెల్ల దారం కట్టింది సున్నిపిండి. గుర్తు పెట్టుకో," అంది అమ్మ.

గుర్తు పెట్టుకున్నాను. కానీ పార్సిలు తనిఖీ చేసిన వాళ్ళకి ఆ సంగతి తెలియదు కదా! రెండు కవర్లూ విప్పి, దారాలు తెంపేసి, రెండింటికీ వెడల్పాటి టేపు చుట్టి పంపారు. ఆ రోజు నాకు పడిశం. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి, వాసన అన్న మాటే లేదు. చూస్తే ఒక పొడి కాస్త ఎర్రగా ఉంది, ఇంకోటి కాస్త పసుపుగా. అమ్మ సున్నిపిండిలో ఎర్రచందనం కలుపుతుందని ఎప్పుడో విన్నట్టు గుర్తు. ఇంకేం, ఎర్రటిదాన్ని డబ్బాలో పోసి స్నానాల గదిలో పెట్టాను. పసుపుపచ్చదాన్ని వంటింట్లో దాచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అన్నం వండుకుని, నెయ్యి కరిగించి, కళ్ళు మూసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు. కారం లేదు. చివర్లో నాలిక మీద చిరుచేదు. పప్పు మాడ్చిందన్నమాట! పడిశం వల్లేమోనని ఒక ఉప్పు పలుకు విడిగా నోట్లో వేసుకుని చూశాను. ఉప్పగానే ఉంది. నా నాలిక బాగానే ఉంది. తప్పు పొడిలోనే ఉంది.

నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే మా అమ్మమ్మకి మతిమరుపు ఉప్పుతోనే మొదలైంది. మొదట ఉప్పు మర్చిపోయేది, తర్వాత పొయ్యి మీద గిన్నె, ఆ తర్వాత మా పేర్లు. చివరికి అమ్మని చూసి "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. అది నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

"అందిందా? తిన్నావా? ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా."

"నిజం చెప్పు. బీపీ అని డాక్టరు నన్ను ఉప్పు మానెయ్యమన్నాడు. నాలిక మీద వేసుకోకుండా ఉజ్జాయింపుగా వేశాను. సరిపోయిందా?"

"సరిపోయిందన్నానుగా!"

"పోనీ పప్పు వేగిందా? ఉప్పు మాత్రం..."

"అమ్మా, అంతా అద్భుతంగా ఉంది. ఎప్పట్లాగే ఉంది. వేలెత్తి చూపడానికి లేదు," అన్నాను. అమ్మ "సరే తల్లీ," అని పెట్టేసింది.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. "అమ్మ ఎలా ఉందే?"

"బాగానే ఉంది. ఏం?"

"ఏమైనా మర్చిపోతోందా?"

"మొన్న చారులో ఉప్పు వెయ్యలేదు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికింది. అయినా కళ్ళజోడు నేనూ వెతుక్కుంటాను కదే!"

చారు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మిగతాది చెవికెక్కలేదు.

ఆ పొడిని పారబొయ్యడానికి చేతులు రాలేదు. అలమారలో పై అరలో వెనక్కి నెట్టేశాను. మా ఆయనకి చెప్పలేదు. ఎవరైనా మా అమ్మ చేతి వంట తిని జాలిపడితే నేను భరించలేను, అది కట్టుకున్నవాడైనా సరే. రెండు వారాలు అలాగే తిరిగాను. పనిలో ఒక పెద్దాయన పళ్ళ సెట్టుకి ఎడమ కోరపన్ను కుడి వైపు కూర్చాను. పన్నెండేళ్ళలో నేను చేసిన మొదటి తప్పు అదే. మా మేస్త్రి దాన్ని వెలుగుకి ఎత్తి చూసి, నా ముందు పెట్టి, టీ తెచ్చి ఇచ్చాడు. తిడితే బాగుండేదనిపించింది. సెలవు పెట్టి టిక్కెట్టు కొని వెళ్దామా, అమ్మని పెద్ద డాక్టరుకి ఎలా చూపించాలి, అక్కకి ఏమని చెప్పాలి, ఇవే ఆలోచనలు.

మా ఆయనకి రెండు ఆదివారాలు డ్యూటీ పడింది. మూడో ఆదివారం తీరిక దొరికి, పొద్దున్నే ఒంటికి నూనె పట్టించుకుని, అత్తగారి సున్నిపిండి తలుచుకుంటూ స్నానాల గదిలోకి వెళ్ళాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.

ఐదు నిమిషాలకి కేక వినిపించింది.

"ఏమేవ్! మంట! ఒళ్ళంతా మంట! ఏం పిండే ఇది?"

పరుగెత్తాను. తువ్వాలు చుట్టుకుని, మెడ నుంచి మోకాళ్ళ దాకా ఎర్రటి పేస్టుతో, ఒంటి కాలి మీద గెంతుతున్నాడు. "వెల్లుల్లి వాసన వస్తోందేంటా అనుకున్నాను. ఏదో కొత్త వైద్యమేమోనని గట్టిగా రుద్దుకున్నాను!"

పడిశం ఎప్పుడో తగ్గిపోయింది. ఆ గదిలో కందిపప్పు, వెల్లుల్లి, జీలకర్ర, కారం, అమ్మ వంటిల్లు మొత్తం నిండిపోయి ఉంది. నేను గుమ్మంలోనే కూలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను కూడా.

"మొగుడు మండిపోతుంటే నవ్వుతావేమే?"

"అమ్మకి ఏమీ కాలేదండీ! అమ్మ బాగానే ఉంది! నేను తిన్నది సున్నిపిండి!"

ఆయనకి ముక్క అర్థమైతే ఒట్టు. నీళ్ళ కింద నిలబెట్టి, కొబ్బరినూనె చేతికిచ్చి, డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. అడుగున తడి తగలని పొడి ఇంకా సగం పైనే ఉంది. నిన్నటి అన్నమే వేడి చేసి, నెయ్యి వేసి, కలిపి తిన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నిలబడే రెండు సార్లు వడ్డించుకున్నాను. ఆ తర్వాత చెయ్యి కడుక్కోకుండానే ఎడం చేత్తో అమ్మకి ఫోన్ చేసి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

పడీపడీ నవ్వుతుందనుకున్నాను. అమ్మ నవ్వలేదు.

"అయితే ఆ రోజు సున్నిపిండి తిని అద్భుతంగా ఉందన్నావా?"

"నువ్వు ఉప్పు మర్చిపోయావనుకున్నానమ్మా. అమ్మమ్మలాగా... నీకు చెప్పడానికి నోరు రాలేదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. అమ్మ కూర్చున్నట్టుంది.

"పాల పళ్ళు వచ్చినప్పట్నుంచీ వంక పెట్టకుండా నా చేతి ముద్ద మింగావా నువ్వు? అలాంటిది అద్భుతంగా ఉంది, వేలెత్తి చూపడానికి లేదు అన్నావు. అప్పుడే అనుకున్నాను, ఇక నా చెయ్యి పోయింది, దీనికి చెప్పడానికి మనసొప్పడం లేదు అని. ఆ రాత్రే మిక్సీ తీసి అటక మీద పెట్టేశాను. రెండు వారాలుగా ఎవరు పొడి అడిగినా ఒంట్లో బాగాలేదని చెబుతున్నాను."

అమ్మని కాపాడుతున్నాననుకుని నేను చేసిన నిర్వాకం అది.

"ఇప్పుడైనా నిజం చెప్పు. ఉప్పు సరిపోయిందా?"

వేలికి అంటిన పొడి ఇంకోసారి నాలిక మీద వేసుకుని చూశాను. తప్పకుండా నిజమే చెప్పాలనుకున్నాను.

"ఎక్కువైందమ్మా. ఓ పిసరు ఎక్కువైంది. జీలకర్ర కూడా ఇంకాస్త పడాలి."

"హమ్మయ్య!" అంది అమ్మ. ఆ తర్వాత నవ్వింది చూడండి, ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "ఒసేయ్ పెద్దదానా, ఆ మిక్సీ కిందికి దించవే!" అని అక్కని కేకేసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "మరి కారం ఎలా ఉంది?"

ఒంటి నిండా కొబ్బరినూనెతో, తువ్వాలు కట్టుకుని, మా ఆయన అప్పుడే వంటింట్లోకి వచ్చాడు. "కారం ఎలా ఉందో మీరే చెప్పండి," అంటూ ఫోను ఆయన చేతికిచ్చాను.

ఆయన నిటారుగా నిలబడి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"కారం బ్రహ్మాండంగా కుదిరిందండీ అత్తయ్యగారూ."